యంత్రము పీల్చిన పొగ

గోదావరి తీరమున ఒక చిన్న పట్టణము. అందొక పెంకుటిల్లు. ఆ ఇంటి పెద్ద రెవెన్యూ కచేరిలో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న వృద్ధుడు. ఆయనకు ఒక పూట భోజనము లేకున్నను గడచును గాని లంక పొగాకు చుట్ట లేనిదే గడవదు. వీధిగదిలో పడకకుర్చీ వేసికొని, వార్తాపత్రిక చదువుచు, ఉదయము రెండు, మధ్యాహ్నము ఒకటి, రాత్రి రెండు చుట్టలు కాల్చుట ఆయనకు నలువది యేండ్ల అలవాటు.

ఆ గదిలోనే ఒక మూల బల్లమీద కంప్యూటరు కలదు. మనుమని చదువుకొరకు నాలుగు సంవత్సరముల క్రిందట దానిని కొనిరి. మొదటి యేడు అది నడచుచున్నదో లేదో తెలియనంత నిశ్శబ్దముగా పనిచేసెను. రెండవ యేట దానిలోని ఫ్యాను రొద చేయసాగెను. మూడవ యేట యంత్రము మందగించెను. నాలుగవ యేట పావుగంటకొకసారి దానంతట అదియే ఆగిపోవుచుండెను. ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమడు పాఠశాల విజ్ఞాన ప్రదర్శనమునకై వ్రాసికొన్న వ్యాసము రెండుమారులు అట్లే పోయినది. వోల్టేజి హెచ్చుతగ్గులే కారణమని తండ్రి యనెను. పిల్లవాడు ఆటలాడి చెడగొట్టెనని తాతగారు తీర్పు చెప్పిరి. అమ్మిన దుకాణదారుడు మోసగించెనని మామ్మగారు నిశ్చయించిరి.

బాగుచేయుటకు వచ్చిన యువకుడు యంత్రపు ప్రక్కరేకు విప్పెను. లోపలి భాగములను ముట్టుకొనక ముందే వాసన చూచి, "అయ్యా! ఈ గదిలో ఎవరైనను చుట్ట కాల్చుదురా?" అని అడిగెను.

"నేనే కాల్చుదును. చుట్ట కాల్చువాడను నేనైన, చెడవలసినది నా ఆరోగ్యము గాని కంప్యూటరు ఏల చెడవలె నాయనా?" అని తాతగారు నవ్విరి.

ప్రశ్న సరియైనదే. చుట్ట ఎక్కడనో పడకకుర్చీలో కాలుచున్నది. యంత్రము పది అడుగుల దూరమున, ఇనుప పెట్టెలో భద్రముగా నున్నది. ఈ రెంటికిని సంబంధమేమి?

పొగ వట్టి వాయువని మనము భ్రమపడుదుము. వాయువులు అందు కొన్ని కలవు. కాని కంటికి కనబడు తెల్లని పొగ అసంఖ్యాకములైన సూక్ష్మ బిందువుల సమూహము. పొగాకు కాలునప్పుడు, త్రాగువాడు గాలి లాగినపుడెల్ల, నిప్పుకొన సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడెక్కును. ఆ వేడికి ఆకులోని నికోటిను, మైనము, జిగురు మొదలైనవి ఆవిరియై పైకి లేచి, చల్లని గాలి తగిలిన వెంటనే చిన్న చిన్న బిందువులుగా పేరుకొనును. అన్నపు గిన్నె మూతకు ఆవిరి నీరై అంటుకొనుట ఇట్టిదే. ఈ బిందువులలో చాలభాగము ఒక మైక్రానుకంటె చిన్నవి. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మన తలవెండ్రుక మందము ఇంచుమించు 70 మైక్రాన్లు. ఇంత చిన్నవి కావుననే అవి వెంటనే నేలకు దిగక గంటలకొలది గాలిలో తేలుచు, ఇల్లంతయు తిరిగి, ఎక్కడ తాకిన అక్కడ అంటుకొనును. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయన పదార్థములున్నవని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. అందు డెబ్బది వరకు కేన్సరును కలిగించునవి. బిందువులలోని జిగట పదార్థమునకు 'తారు' అని పేరు.

ఆ యువకునిది జంగారెడ్డిగూడెము ప్రాంతము. వర్జీనియా పొగాకు పండు నేల. అతడు తాతగారితో, "మా ఊర పొగాకు కోసినవారి చేతులు సాయంకాలమునకు నల్లని జిగురుతో నిండిపోవును. పచ్చి ఆకులోని జిగురే అంత పట్టుచుండగా, కాల్చినప్పుడు లేచునది ఇంకెంత పట్టునో చూడుడు" అని చెప్పెను. అంతట అతడొక వింత విషయమును గూడ తెలిపెను. వర్జీనియా ఆకును బ్యారన్లలో ఆరబెట్టుదురు. క్రింద మంట మండును. ఆ మంటనుండి పొగ ఇనుప గొట్టములగుండా వెలుపలికి పోవును. గొట్టముల వేడి మాత్రమే ఆకునకు తగులును. పొగ సోకినచో ఆకు రంగును వాసనయు చెడి ధర పడిపోవును. కావున గొట్టమునకు చిన్న రంధ్రము పడకుండ రైతు కనిపెట్టుకొని యుండును. పొగకొరకే పుట్టిన ఆకునకు పొగ తగులకుండ అంత కాపలా!

ఈ మాటలు వినుచున్న మామ్మగారికి ఉగాదినాటి సంగతి జ్ఞాపకము వచ్చినది. పాత క్యాలెండరు తీసి క్రొత్తది తగిలించబోగా, గోడమీద క్యాలెండరంత మేర తెల్లగా మిగిలి, చుట్టును గోడ పసుపు కలిసిన గోధుమవర్ణముగా కనబడినది. సున్నము పాతబడినదని ఆమె యనుకొనిరి.

గోడ గాలిని పీల్చదు. గాలి తనంత తాను వచ్చి తాకిన పొగను మాత్రమే అది పట్టుకొనును. కంప్యూటరు సంగతి వేరు; అది ఊపిరి పీల్చు యంత్రము. లోపల పుట్టిన వేడిని పోగొట్టుటకై దాని ఫ్యాను గదిలోని గాలిని ఎడతెగక లోనికి లాగి వెలుపలికి నెట్టును. అట్టి చిన్న ఫ్యాను నిమిషమునకు 24 ఘనపుటడుగుల గాలిని లాగుననుకొందము. ఆ వీధిగది పొడవు 12 అడుగులు, వెడల్పు 12 అడుగులు, ఎత్తు 10 అడుగులు. గుణించి చూడుడు; 1,440 ఘనపుటడుగులు వచ్చును. అనగా 60 నిమిషములలో ఆ గదిలోని గాలి మొత్తమునకు సమానమైన గాలి ఆ పెట్టెగుండా పోవుచున్నది. పిల్లవాడు దినమునకు రెండు గంటలు చదువుకొన్నచో, గదెడు గాలి రెండుమారులు దానిలోనికి పోయి వచ్చినట్లు. అట్లు నాలుగేండ్లు!

పోయిన గాలి తిరిగి వచ్చినది. దానిలోని తారంతయు తిరిగి రాలేదు. కంప్యూటరునకు మెదడువంటిదగు ప్రాసెసరుమీద అల్యూమినియపు పలుచని రెక్కలు వరుసగా అమర్చబడి యుండును. వేడిని గ్రహించి గాలికి అందించుట వాని పని. ఆ రెక్కలమీద మొదట తారు సన్నని పొరగా పట్టినది. ఇంటిలోని దుమ్ము మామూలుగా పొడిగా నుండును, ఊదినచో ఎగిరిపోవును. జిడ్డుమీద పడిన దుమ్ము ఎగురదు. వంటయింటి అటకమీద, ఫ్యాను రెక్కలమీద నూనె ఆవిరికి దుమ్ము అంటుకొని గట్టిపడుట ఏ ఇంటనైనను చూడవచ్చును. అట్లే ఈ రెక్కల నడుమ తారును దుమ్మును కలిసి కంబళివంటి పొర యొకటి ఏర్పడినది. యువకుడు దానిని పట్టకారుతో పట్టి లాగగా ముక్కగా ఊడివచ్చెను. వేడి పోవలసిన దారికి కంబళి కప్పినచో ఏమగును?

యంత్రమే ఆ సంగతిని తన భాషలో మూడేండ్లుగా చెప్పుచు వచ్చినది. వేడి పెరిగినకొలది ఫ్యాను వేగముగా తిరిగినది. అదియే ఆ రొద. నేటి ప్రాసెసర్లు వేడి నూరు డిగ్రీలకు చేరువగుచున్నచో కాలిపోకుండుటకై తమ వేగమును తామే తగ్గించుకొనును. అదియే ఆ మందగింపు. అంతటితో కుదరనిచో పని మానివేయును. అదియే పావుగంటకొకసారి ఆగిపోవుట. పిల్లవాని ఆటలకుగాని దుకాణదారునకుగాని ఇందు పాలు లేదు. వేడివలన మరియొక నష్టము గూడ కలదు. విద్యుత్తును నిలువచేయు కెపాసిటర్లలో ద్రవముతో నిండిన జాతి యొకటి యున్నది. వేడి 10 డిగ్రీలు పెరిగినప్పుడెల్ల దాని ఆయువు ఇంచుమించు సగమగునని ఇంజనీర్ల లెక్క. పైగా తారు పట్టిన సర్క్యూటు బోర్డు తేమను పట్టియుంచును. కోస్తా జిల్లాల ఉక్కగాలిలో ఆ తేమ సన్నని రాగిదారులను మెల్లమెల్లగా తినివేయును.

మామ్మగారు లోపలినుండి పాటల పెట్టెను తెచ్చి ముందు పెట్టిరి. అన్నమయ్య కీర్తనలు వినుచుండగా నడుమ నడుమ గొంతు పట్టుకొన్నట్లు ఆగిపోవుచున్నవని ఆమె ఫిర్యాదు. సీడీ పళ్లెములో పాట ఎట్లు దాగియుండునో తెలిసిన ఆ ఫిర్యాదునకు కారణము తెలియును. పళ్లెముమీద సుమారు అర మైక్రాను వెడల్పు గల గుంటలు చుట్టలు చుట్టలుగా ఉండును. లేజరు కిరణమొకటి చిన్న కటకముగుండా పోయి ఆ గుంటలను చదువును. కటకముమీద తారు మంచువలె పట్టినచో కిరణము చెదరి, గుంటకును సమతలమునకును భేదము తెలియక యంత్రము తడబడును. యువకుడు శుద్ధమైన ఆల్కహాలులో దూదిని తడిపి కటకమును మెత్తగా తుడిచెను. దూది తేనెరంగునకు మారినది. పాట సాగినది.

"పాత టెలివిజను గూడ ఇట్లే మసకబారెడిది" అని తాతగారు తమంతట తామే ఒప్పుకొనిరి. మనదేశమున 1982లో రంగుల ప్రసారములు మొదలైన తరువాత ఇంటింటికి వచ్చిన ఆ పెద్దపెట్టెల వెనుక గాజుగొట్టమొకటి యుండెడిది. అందు విద్యుత్పీడనము ఇరువదివేల వోల్టులకు మించియుండుటచే తెరమీద స్థిరవిద్యుత్తు చేరి, దువ్వెన కాగితపు ముక్కలను ఆకర్షించినట్లు, అది పొగను దుమ్మును లాగికొనెడిది. తడిగుడ్డతో తుడిచిన బొమ్మ మరల కాంతిమంతమయ్యెడిది, గుడ్డ గోధుమవర్ణమయ్యెడిది. నేటి పలుచని తెరలకు ఆ ఆకర్షణ అంతగా లేదు.

ఇంతలో మనుమడు ఒక సందేహమడిగెను. పొగ హార్డుడిస్కులోనికి దూరి వ్రాసినదంతయు చెరిపివేయునని అతడు వినియుండెను. పొగ కణము, వ్రేలిముద్ర, వెండ్రుక మొదలైనవానిని ప్రక్కప్రక్కన చూపి, డిస్కుకును దానిని చదువు తలకును నడుమ సందు వానికంటె ఎంత చిన్నదో తెలుపు బొమ్మ పెక్కు పుస్తకములలో అచ్చైనది. ఆ బొమ్మలో నిజమున్నది. కాని అది సగము నిజము.

1956లో ఐ.బి.యం. కంపెనీ రామాక్ అను తొలి డిస్కుయంత్రమును నిర్మించెను. అందు 24 అంగుళముల వ్యాసము గల పళ్లెములు 50 తిరుగుచుండెడివి. యంత్రపు బరువు ఒక టన్నుకు పైమాట. చదువు తల పళ్లెమునుండి సుమారు 20 మైక్రాన్ల ఎత్తున గాలిమీద నిలిచెడిది. ఆ సందులో పొగ బిందువు సులభముగా దూరి పోగలదు. సందు తగ్గినకొలది ఎక్కువ వ్రాయవచ్చును గనుక ఇంజనీర్లు దానిని తగ్గించుచు వచ్చిరి. 1973లో అదే కంపెనీ తెచ్చిన వించెస్టరు డిస్కులో సందు అర మైక్రానుకంటె తక్కువ. అప్పుడు పొగ బిందువు దారిలో బండవంటిదైనది. అందుకే వించెస్టరులో పళ్లెములను తలలను కలిపి ఒకే పెట్టెలో బిగించి మూసిరి. నేడు ఆ సందు మైక్రానులో కొన్ని వేయవ వంతులు మాత్రమే. అయినను పొగవలన డిస్కు చెడుట అరుదు. ఏలయనగా గాలి పీడనము సరిపడుటకు విడిచిన చిన్న రంధ్రమునకు గూడ మేలైన వడపోత గుడ్డ అడ్డుగా నుండును. 2013 తరువాత వచ్చిన కొన్నిటిలో ఆ రంధ్రము గూడ లేదు. హీలియము నింపి పూర్తిగా మూసివేసిరి. పిల్లవాని వ్యాసము పోయినది డిస్కులోనికి పొగ దూరుటవలన గాదు. భద్రపరచక మునుపే వేడికి యంత్రము ఆగిపోవుటవలన.

ఇచ్చట గమనింపదగిన సంగతి యొకటి కలదు. తొలినాళ్ల కంప్యూటరు గదులలో సాధారణముగా ధూమపానమును అనుమతించెడివారు గారు. యంత్రమునకు దోషము కలుగునని భయము. ప్రక్కగదిలో గుమాస్తాలు సిగరెట్లు కాల్చుచుండగా, కాల్చనివారు ఆ పొగను పీల్చుచు కూర్చుండెడివారు. వారి విషయమై ఎవరును తలుపు మూయలేదు. అమెరికాలో రెండు గంటలలోపు దేశీయ విమాన ప్రయాణములలో పొగత్రాగుట నిషేధింపబడినది 1988లో మాత్రమే. మనదేశమున బహిరంగ స్థలములలో నిషేధము 2008 అక్టోబరు 2 నుండి సమగ్రముగా అమలునకు వచ్చినది. యంత్రమునకు లభించిన గౌరవము మనిషికి లభించుటకు ఇన్నేండ్లు పట్టినది. ఇక ఇంటిలోపలి సంగతి ఏ చట్టమును చూడదు.

యువకుడు చేతులకు రబ్బరు తొడుగులు, ముఖమునకు గుడ్డ తగిలించుకొని పని మొదలుపెట్టెను. అంత జాగ్రత్త ఎందుకని తాతగారు అడుగగా, "అయ్యా, నా పని ప్రతిదినము ఇట్టి పెట్టెలతోనే గదా" అని మాత్రము చెప్పెను. పట్టిన తారు ఊరకుండునది గాదు. నికోటిను గాలిలోని నైట్రసు ఆమ్లముతో కలిసి కేన్సరును కలిగించు క్రొత్త పదార్థములుగా మారునని 2010లో అమెరికాలోని లారెన్సు బర్కిలీ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు కనుగొనిరి. ఆ ఆమ్లము ఇంటిలోని గ్యాసు పొయ్యి మంటవలన గూడ పుట్టును. చుట్ట ఆరిన తరువాత, వాసన పోయిన తరువాత గూడ గోడలమీద, పరుపులమీద, యంత్రములలోపల ఈ మార్పు జరుగుచునే యుండును. 2009లో అమెరికాలో ఒక కంపెనీవారి మరమ్మతు కేంద్రములు పొగత్రాగువారి ఇండ్లనుండి వచ్చిన యంత్రములను ముట్టుటకు నిరాకరించినవని పత్రికలలో వచ్చినది. కొనినవారికి కోపము వచ్చుట సహజమే. కాని మరమ్మతు చేయువాని ఊపిరితిత్తులు గూడ ఊపిరితిత్తులే గదా!

అల్యూమినియపు రెక్కలనుండి ఊడివచ్చిన పొర పాత వార్తాపత్రికమీద అరచేతి మందమున ప్రోగైనది. తాతగారు దానిని చాలసేపు చూచిరి.

"ఇది ఎన్నాళ్లది నాయనా?"

"కొన్న నాటినుండి అయ్యా. నాలుగు సంవత్సరములది."

మామ్మగారు మెల్లగా, "ఆ నాలుగు సంవత్సరములును పిల్లవాడు దాని ముందే కూర్చున్నాడు గదా! చలికాలము రాగానే వీనికి దగ్గు పట్టుచున్నది. నేనేమో ఐసుక్రీముమీద వేయుచున్నాను" అనిరి. యువకుడు వైద్యుడు గాడు. అందుచే మాటాడక ఊరకుండెను. మనిషి ఊపిరితిత్తులలో ముప్పది కోట్లకు మించిన గాలితిత్తులున్నవి. వానికి ప్రక్కరేకు లేదు, విప్పి చూచుటకు. ఇతరులు వదలిన పొగవలన పిల్లలకు ఉబ్బసము హెచ్చుట, చెవిపోటు, దగ్గు, రొమ్ము జబ్బులు కలుగుచున్నవని వైద్యులు తేల్చిరి. తాము పొగత్రాగక ఇతరుల పొగవలన మరణించువారే ప్రపంచమున ఏటేట పది లక్షలకు మించియున్నారు.

"కిటికీ తెరచి కాల్చిన చాలదా?" అని తాతగారు అడిగిరి. ఆ స్వరమున వాదము లేదు, బేరము కలదు.

చాలదు. కిటికీలు తెరచినను, ఫ్యాన్లు త్రిప్పినను, గాలిని వడగట్టు యంత్రములు పెట్టినను ఇంటిలో కాల్చిన పొగ అపాయము పూర్తిగా తొలగదని అమెరికా ప్రభుత్వపు ప్రధాన వైద్యాధికారి 2006లో వెలువరించిన నివేదిక స్పష్టముగా చెప్పినది. ఏ.సి. ఉన్నచో మరియు కష్టము. అది వెలుపలి గాలిని తెచ్చునని చాలమంది నమ్ముదురు. గోడకు తగిలించు సాధారణపు ఏ.సి. గదిలోని గాలినే మరల మరల త్రిప్పి చల్లబరచును. తలుపులు మూసియుండుటచే పొగ గూడ అందే తిరుగును.

సాయంకాలమునకు యంత్రము బాగైనది. రెక్కలు తెల్లబడినవి, ఫ్యాను రొద తగ్గినది. వాసన మాత్రము పూర్తిగా పోలేదు. అది ఇక పోదని యువకుడు చెప్పెను. అతడు వెడలిన తరువాత తాతగారు పడకకుర్చీని తామే మోసికొని పెరటిలో మామిడిచెట్టు క్రిందికి చేర్చుకొనిరి. చుట్టల పెట్టె వెంటనే పోయినది. వానకాలమున అక్కడ కూర్చుండుట ఎట్లని మామ్మగారు అడుగగా, వాన వచ్చిననాడు చూతములే అనిరి. శ్రావణమాసమున వానలు పట్టినపుడు ఐదు చుట్టలు మూడైనవి. అందుకు ఆయన వానను తిట్టిరి.

మరుసటి సంక్రాంతికి మనుమడు తానే స్క్రూడ్రైవరు పట్టి, మీట ఆపి, తీగ ఊడదీసి, ప్రక్కరేకు విప్పెను. రెక్కలమీద దుమ్మున్నది. అది బూడిదరంగుగా, పొడిగా నున్నది. అతడు వీధిగుమ్మము వరకు పెట్టెను మోసికొనిపోయి నోటితో ఊదగా ఎగిరిపోయినది.